చందా కట్టించి మరీ సంఘం మూసేశాం

గుంతకల్లులో మా తమిళుల సంఘం 2024లో మూతపడింది. దాని ఆఖరి కార్యదర్శిని నేనే. మేం మన్రం (తమిళంలో సంఘం అని) అనేవాళ్ళం, ఊళ్ళోవాళ్ళు అరవోళ్ళ క్లబ్బు అనేవాళ్ళు. స్టేషను నుంచి నడిచిపోయేంత దూరంలో ఒక మిద్దె మీద పొడుగాటి హాలు, వెనక వంటకు రేకుల షెడ్డు. గోడకు గాంధీ, భారతియార్, అణ్ణాదురై పటాలు. ఒక మూల మురుగన్ పటం, దాని ముందర ఇత్తడి వేలు, అంటే మురుగన్ చేతిలో ఉండే ఈటె. అరవై ఏళ్ళుగా అద్దెకే ఉన్నాం. తాళం వేసి తాళంచెవి ఓనరు చేతిలో పెడితే అయిపోయే పని కాదది, ఏడాది పట్టింది. ఇట్లాంటి పాత సంఘాలు మన జిల్లాల్లో ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు స్టేషన్ రోడ్డులో జిరాక్స్ షాపుంది. నేను కార్యదర్శినవడానికి అదొక్కటే కారణం. "కాగితాల పని నీకే తెలుస్తాదిలేప్పా" అని పెద్దవాళ్ళు పట్టుకొచ్చి కూర్చోబెట్టారు. తమిళం మాట్లాడతాను, కూడబలుక్కుని చదువుతాను, రాయడం రాదు. ఇంట్లో తమిళం, బళ్ళో తెలుగు. మా తరం అంతా ఇంతే.

మా తాత జోలార్‌పేట నుంచి ఫైర్‌మన్‌గా, అంటే ఆవిరి ఇంజన్లో బొగ్గు వేసే పనికి, వచ్చాడు. అప్పటికి ఇది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. అనంతపురం జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోదే. కాబట్టి ఆయన లెక్కలో ఆయన ఊరు మారాడు గానీ రాష్ట్రం దాటలేదు. 1951లో సదరన్ రైల్వే వచ్చింది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కర్నూలు రాజధాని అయ్యి, గుంతకల్లు ఇటు పక్కకు వచ్చేసింది. తాత ఉన్నచోటే ఉన్నాడు, పక్క రాష్ట్రం వాడయ్యాడు. దాని గురించి ఆయన బాధపడినట్టు ఎవరూ చెప్పలేదు. రైలు మద్రాసుదే, జీతం మద్రాసు నుంచే, పాసు మీద పండక్కి ఊరికి పోయి రావడం మామూలే. 1956లో గుంతకల్లు డివిజన్ అయినప్పుడు కూడా అది సదరన్ రైల్వే కిందే ఉండింది. అరక్కోణం నుంచి, ఈరోడ్ నుంచి, తిరుచ్చి నుంచి గార్డులు, క్లర్కులు, ఫిట్టర్లు ట్రాన్స్‌ఫర్ మీద వస్తూనే ఉన్నారు. క్వార్టర్ దొరికేదాకా వాళ్ళకు తల దాచుకునే చోటు కావాలి. మన్రం పుట్టింది అందుకే, భాషను ఉద్ధరించడానికి కాదు.

కొత్తగా వచ్చినవాడు ట్రంకుపెట్టెతో నేరుగా మిద్దె మెట్లెక్కేవాడట. హాల్లో చాప, షెడ్డులో అన్నం, సాంబారు. మద్రాసు నుంచి వచ్చే బొంబాయి మెయిల్లో ఆనంద వికటన్, కుముదం అనే తమిళ వారపత్రికల కట్టలు దిగేవి. కట్ట విప్పిన రోజు క్యారమ్ బోర్డు దగ్గర ఎవరూ ఉండేవాళ్ళు కాదట. మార్గళి (మన ధనుర్మాసం) నెలంతా తెల్లారుజామున తిరుప్పావై, ఆకుల్లో వేడి పొంగలి. పొంగలి కోసం మాతోపాటు వీధిలోని తెలుగు పిల్లలూ, దస్తగిరి, కాజా లాంటి ముస్లిం పిల్లలూ లేచి వచ్చేవాళ్ళు, ఇది నేను చూసిందే. ఆడి కృత్తిక పండక్కి తిరుత్తణి మురుగన్ గుడికి కావళ్ళతో ఒక బ్యాచ్. 1974 మే నెల సమ్మెలో రైళ్ళు నిలిచిపోయినప్పుడు, జీతాల్లేని ఇళ్ళకు ఆ రేకుల షెడ్డులోనే వండి పంపారని మా నాన్న చెప్పేవాడు. తమిళులా తెలుగువాళ్ళా అని చూడలేదట. ఎంజీఆర్ పోయిన రోజు, 1987 డిసెంబర్ 24న, హాలు నిండిపోయి జనం మెట్ల మీద కూర్చున్నారు. అంతమందిని నేను అక్కడ చూడటం అదే ఆఖరు.

ఇక మూసివేత సంగతి. బిల్డింగు ఓనరు పెద్దాయన బతికినన్నాళ్ళూ అద్దె పెంచమని గట్టిగా అడగలేదు. పొంగలి రోజు వచ్చి ఆకేసుకుని కూర్చునేవాడు. ఆయన పోయాక కొడుకులు బెంగళూరు నుంచి వచ్చి, మర్యాదగానే చెప్పారు. "అన్నా, పడగొట్టి కాంప్లెక్సు కట్టాల. మీకు ఎంత టైం కావాలో చెప్పండి." లాయరును కలిశాం. కోర్టుకు పోతే కొన్నేళ్ళు లాగొచ్చు అన్నాడు. కమిటీలో ఇద్దరు ముగ్గురికి ఆ మాట నచ్చింది కూడా. రిటైర్డ్ గార్డు మామ ఒకాయన ఉన్నాడు, ఎనభై దాటాయి, ఆయన అంతా విని అడిగాడు. "లాగి లాగి ఎవర్ని కూర్చోబెడతావప్పా అందులో?"

ఎవరూ నోరెత్తలేదు. వేరే గది వెతుకుదామన్న మాట కూడా ఒకసారి వచ్చి పోయింది. తెరిచేవాళ్ళెవరు, ఊడ్చేవాళ్ళెవరు?

సరే, రద్దు చేద్దాం అనుకుని బైలా, అంటే సంఘం నియమాల కాగితం, తీశాం. ఇంగ్లీషులో టైపు కొట్టిన నాలుగు పేజీలు, 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టంలోని మాటలే చాలావరకు దించుకున్నారు. రాష్ట్రంలో 2001లో కొత్త చట్టం వచ్చింది గానీ మా బైలాను ఎవరూ మార్చలేదు. దాని ప్రకారం రద్దు చెయ్యాలంటే ఆ ఒక్క పని కోసమే సర్వసభ్య సమావేశం పిలవాలి. సభ్యుల్లో ఐదింట మూడు వంతుల మంది స్వయంగానో, ప్రతినిధి ద్వారానో ఓటెయ్యాలి.

సభ్యులెవరో తెలియాలంటే రిజిస్టరు చూడాలి. చూస్తే రెండు వందలకు పైగా పేర్లు. ఐదింట మూడు వంతులంటే శ్మశానాల్లో కూడా సంతకాలు తీసుకోవాలి.

ఆ రిజిస్టరును షాపులో పెట్టుకుని, గిరాకీ లేనప్పుడల్లా ఒక్కో పేరూ చూశాను. అప్పుడే నాకొక సంగతి అర్థమైంది. మన్రం ఎందుకు పల్చబడిందని అడిగితే మావాళ్ళు రకరకాలు చెప్పేవాళ్ళు. టీవీ వచ్చిందనీ, సెల్‌ఫోన్ వచ్చిందనీ, పిల్లలకు తమిళం మీద ప్రేమ లేదనీ. రిజిస్టరు వేరే చెప్తోంది. 1977 దాకా పేజీలు కిక్కిరిసి ఉన్నాయి, పేరు పక్కన ఎక్కణ్ణుంచి వచ్చాడో ఊరు కూడా రాశారు. ఆ తర్వాత చేరినవాళ్ళ దగ్గర ఊరు గడిలో అన్నీ గుంతకల్లే. అంటే సభ్యుల కొడుకులు. బయటినుంచి కొత్త మనిషి రావడం ఆగిపోయింది.

1977 అక్టోబర్ 2న గుంతకల్లు డివిజన్‌ను సదరన్ రైల్వే నుంచి తీసి సౌత్ సెంట్రల్ రైల్వేలో కలిపారు. హెడ్డాఫీసు మద్రాసు కాకుండా సికింద్రాబాద్ అయ్యింది. ట్రాన్స్‌ఫర్లు అటువైపు, కొత్త ఉద్యోగాల భర్తీ అటువైపు. అప్పటికే ఉన్న తమిళులు ఉన్నారు, కొందరు అడిగి మరీ వెనక్కి పోయారు. కొత్తగా ట్రంకుపెట్టెతో మెట్లెక్కేవాడు మాత్రం లేడు. తొంభైల్లో మీటర్ గేజ్ పోయింది, ఆవిరి ఇంజన్లు పోయాయి, ఫైర్‌మన్ అనే ఉద్యోగమే లేకుండా పోయింది. మా తాతకు రాష్ట్రం మారినా పట్టలేదు. రైల్వే జోన్ మారడంతో ఆయన కట్టుకున్న సంఘానికి నీళ్ళు ఆగిపోయాయి. దానికి కారణం టీవీ అని నలభై ఏళ్ళు పిల్లల్ని తిట్టారు. ఆ పిల్లల్లో నేనూ ఒకణ్ణి కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నాను.

రిజిస్టరు చిక్కుముడి విప్పింది మా ఆడిటరు. బైలాలోనే ఒక వాక్యం చూపించాడు. మూడు నెలలకు మించి చందా బాకీ ఉన్నవాణ్ణి ఓటుకు సభ్యుడిగా లెక్కపెట్టకూడదు. ఇది కూడా పాత చట్టంలోనిదే. హమ్మయ్య అనుకున్నాం. ఒక్క క్షణమే. చందా నెలకు రెండు రూపాయలు, ఎన్నో ఏళ్ళుగా ఎవరూ కట్టలేదు, ఎవరూ అడగలేదు. పండక్కి విరాళాలతోనే నడిచిపోతోంది. ఆ లెక్కన సంఘంలో సభ్యులే లేరు. ట్రెజరర్ అన్న తల పట్టుకున్నాడు. "సున్నాలో ఐదింట మూడు వంతులెంతరా?"

కాబట్టి సంఘం మూయడానికి ముందు చందాలు వసూలు చెయ్యాల్సి వచ్చింది. ఏడాది చందా, అంటే ఇరవై నాలుగు రూపాయలు కడితే సభ్యత్వం పునరుద్ధరించవచ్చని కమిటీ తీర్మానం చేసింది. కొత్త రసీదు బుక్కు కొట్టించాం. వాట్సాప్‌లో పెట్టాను, వాట్సాప్ లేని ముసలివాళ్ళకు ఫోన్లు చేశాను. చెన్నై, కోయంబత్తూరు, హోసూరు, బెంగళూరు. ఫోన్‌పేలో ఇరవై నాలుగు వస్తే పర్వాలేదు, ఐదొందలు, వెయ్యి పంపినవాళ్ళకు మళ్ళీ తిరిగి పంపడం పెద్ద పని. తిరుప్పూరులో ఉండే ఒక అత్త అయితే ఫోన్లోనే కడిగేసింది. "మూయడానికి చందా ఏందిరా? మూయనంటే చెప్పు, పదివేలు పంపిస్తా." చివరికి ఇరవై నాలుగూ పంపింది, వద్దు అని ఓటెయ్యడానికి.

నలభై మూడు మంది కట్టారు. అంటే ఇరవై ఆరు ఓట్లు కావాలి. ఇరవై ఒక్క రోజుల ముందు నోటీసులు రిజిస్టర్డ్ పోస్టులో పంపాం, కవర్లన్నీ నా షాపులోనే అతికించాం. ఆదివారం మీటింగు. పొద్దున ఉగ్గాని, బజ్జీ తెప్పించాం. ఇంతకాలం ఇక్కడుండి ఇడ్లీ పెడితే ఎవడూ రాడని గార్డు మామ జోకు.

మీటింగు గొడవగా జరుగుతుందని టెన్షన్ పడ్డాను. గొడవ కాలేదు గానీ చాలాసేపు పట్టింది, ఎందుకంటే ప్రతివాడికీ ఏదో ఒకటి చెప్పాలనుంది. తాను ఎవరి పక్కన చాప వేసుకుని పడుకున్నాడో, మొదటి జీతం ఎవరి దగ్గర దాచుకున్నాడో. అధ్యక్షుడు రెండుసార్లు బెల్లు కొట్టి వదిలేశాడు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడొకడు మూయొద్దని బాగానే వాదించాడు. ఆన్‌లైన్‌లో నడుపుదాం, లైబ్రరీని స్కాన్ చేద్దాం అన్నాడు. "నువ్వు కార్యదర్శిగా ఉంటావా?" అని అడిగితే నవ్వేశాడు. నలభై ఓట్లు పడ్డాయి, సగానికి పైగా ప్రతినిధుల ద్వారా. ముప్పై నాలుగు రద్దుకు, ఆరు వద్దని. మినిట్స్ నేనే తెలుగులో రాశాను. ఆ బుక్కు ముందు పేజీలు తమిళం, మధ్యలో ఇంగ్లీషు, చివర తెలుగు.

తర్వాత బ్యాంకు. ఇది మాత్రం ప్రాణం తీసింది. సేవింగ్స్ ఖాతా ఒకటి తెలిసిందే, దానికి తోడు ఎప్పటిదో ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉందని పాత ఆడిట్ కాగితాల్లో కనబడింది. రసీదు లేదు. దాన్ని వేసిన ట్రెజరర్ పోయాడు. రిజర్వు బ్యాంకు 2023లో ఉద్గమ్ అనే పోర్టల్ పెట్టింది, ఎవరూ అడగని డిపాజిట్లను పేరుతో వెతుక్కోవచ్చు, సంఘాల పేరుతో కూడా. అందులో దొరికింది. పదేళ్ళు దాటిపోయింది కాబట్టి డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్ళిపోయి ఉంది. భయపడక్కర్లేదు, అది మునిగిపోయినట్టు కాదు. మన బ్రాంచిలో క్లెయిమ్ వేస్తే బ్యాంకు మనకిచ్చి, ఆ నిధి నుంచి తాను రాబట్టుకుంటుంది.

చెప్పుకోవడానికి అంతే. చెయ్యడానికి వచ్చేసరికి సంతకాలు మార్చడానికి తీర్మానం కావాలి, కొత్త సంతకందార్ల కేవైసీ కావాలి, సంఘానికి పాన్ కార్డు కావాలి. మా సంఘానికి పాన్ ఎప్పుడూ లేదు. రద్దయిపోతున్న సంఘానికి పాన్ తీయడమంటే పాడె మీదున్నవాడికి బారసాల చేసినట్టే. చేశాం. బ్రాంచిలో ఒక ఆఫీసరు అన్నీ సరే అన్నాక ఆయన ట్రాన్స్‌ఫర్, తర్వాత వచ్చినావిడ మొదటి కార్యదర్శి మరణ ధృవీకరణ పత్రం అడిగింది. ఆయన 1980ల్లో సేలంలో పోయాడు. ఆయన మనవడెవరో వెతికి పట్టుకుని తెప్పించాం. అప్పుడు ఆవిడ, "ఇది అవసరం లేదులెండి సార్" అంది. నేను బయటికొచ్చి టీ తాగి మళ్ళీ లోపలికి పోయాను.

డబ్బు చేతికొచ్చాక అసలు తగువు అప్పుడు మొదలైంది. సంఘం రద్దయితే మిగిలిన ఆస్తి సభ్యులు పంచుకోకూడదు, వేరే సొసైటీకి ఇవ్వాలి. పంచుకోవాలని ఎవరూ అనలేదు లెండి. కానీ ఎవరికివ్వాలి? ఒకరు తిరుత్తణి అన్నారు, ఒకరు చెన్నైలో అనాథాశ్రమం అన్నారు. చివరికి గుంతకల్లులోనే పేదపిల్లలకు సాయంత్రం ట్యూషన్ నడిపే ఒక రిజిస్టర్డ్ సొసైటీకి ఇచ్చాం. "అంతా తెలుగు పిల్లలే కదా" అని ఒకాయన సణిగాడు. మా అమ్మాయి కూడా తెలుగు పిల్లే, ఆ మాట నేను పైకి అనలేదు.

పంచుకోకూడదన్న నియమం గిన్నెల దగ్గర ఇబ్బంది పెట్టింది. పొంగలి వండే ఇత్తడి అండాలు, గుండిగలు, తాంబాళాలు చాలా ఉన్నాయి. ఒక్కోదాని మీద ఇచ్చినవాళ్ళ పేరు చుక్కల్తో కొట్టించి ఉంది. వాళ్ళమ్మ పేరున్న అండా ఎవరికి వాళ్ళకు కావాలి, ఊరికే ఇస్తే తప్పు. పాత ఇత్తడి వ్యాపారిని పిలిపించి తూకం వేయించి, ఆ ధరకు తగ్గకుండా వేలం పెట్టాం. గార్డు మామ వాళ్ళమ్మ అండా పాట మొదలుకాగానే కుర్రాళ్ళు సరదాకు ధర పెంచుతూ పోయారు. ఆయన కోపం వచ్చి ఒకేసారి రెట్టింపు అన్నాడు. వద్దు మామా అన్నా వినలేదు, రెట్టింపే కట్టి రసీదు తీసుకున్నాడు.

పుస్తకాలు సగం చెదలు తినేశాయి. మిగిలినవాటిలో ఎక్కువ విలువైనవి కొన్నవి కావు, కుట్టినవి. వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి, వరసగా పెట్టి బైండు చేసుకునేవాళ్ళు. అట్ట లోపల చదివినవాళ్ళ సంతకాలు, తేదీలు, "ఈ వారం బాలేదు" లాంటి రాతలు. కుప్పంలో 1997లో పెట్టిన ద్రవిడ విశ్వవిద్యాలయం ఉంది కదా, అక్కడ తమిళం విభాగానికి జాబితా పంపి బాగున్నవి అప్పగించాం. మిగతావి తలా రెండు తీసుకుని, ఖరీదు కింద రూపాయి రూపాయి కట్టారు.

వేలు విషయం అయ్యవారిని అడిగితే, పటానికి అక్కర్లేదు గానీ రోజూ అభిషేకం జరిగిన వేలుకు కళాపకర్షణ, అంటే అందులోని దైవశక్తిని తీసే పూజ, చెయ్యాలన్నాడు. అది చేయించి, ఊళ్ళో ఒక గుడిలో సుబ్రహ్మణ్యస్వామి దగ్గరికి చేర్చాం.

బాకీలుంటే చెప్పమని పేపర్లో చిన్న ప్రకటన కూడా ఇచ్చాం, ఆడిటరు ఇమ్మన్నాడు. ఒక్కరే వచ్చారు. పాలు పోసే ఆయన కొడుకు, వాళ్ళ నాన్న పద్దు పుస్తకంతో సహా. ఏ సంవత్సరం మార్గళిదో మూడు వందల చిల్లర. చెల్లించి సంతకం తీసుకున్నాం.

అనంతపురంలో జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో తీర్మానం కాపీ, ఓట్ల జాబితా, ఆడిటరు ఇచ్చిన ఆఖరి లెక్కలు, ఆస్తి ఇచ్చిన సొసైటీ రసీదు అన్నీ ఇచ్చాం. ఏటా ఇవ్వాల్సిన కార్యవర్గం జాబితాలు చాలా ఏళ్ళవి పెండింగులో ఉన్నాయి, అవి కూడా పెట్టమన్నారు. మినిట్స్ చూసి రాసుకుని ఇచ్చాం. అక్కడి గుమాస్తా, పాపం, ఓపిగ్గా చెప్పాడు. సంఘం పెట్టడానికి రోజూ వస్తారు, మూయడానికి వచ్చేవాళ్ళు తక్కువ, ఊరికే వదిలేస్తారు అన్నాడు.

ఖాతా మూశాం. ఓనరు కొడుకులకు తాళాలిచ్చాం. అంతా అయిపోయిందనుకుంటుండగా నా షాపుకు ఒక కవరొచ్చింది. కరెంటు మీటరుకు ఎప్పుడో కట్టిన డిపాజిట్టు, బకాయిలు పోను మిగిలింది, సంఘం పేరుతో చెక్కు. అంతకుముందు ఏమీ రాదని చెప్పి మమ్మల్ని పంపేసింది ఆ కరెంటు ఆఫీసు కౌంటరులోనే. ఇప్పుడు సంఘం లేదు, సంఘం పేరుతో ఖాతా లేదు. వేరే పేరు మీద మార్చి ఇమ్మంటే సంఘం లెటర్‌హెడ్ మీద కార్యదర్శి సంతకంతో అర్జీ ఇమ్మంటున్నారు. ట్రెజరర్ అన్న చింపి పారెయ్యమంటాడు, గార్డు మామ అది ట్యూషన్ పిల్లల డబ్బు, ఎట్లా చింపుతావంటాడు. చెక్కుకు మూడు నెలలే గడువు. ఎవరికైనా దారి తెలిస్తే చెప్పండి, లెటర్‌హెడ్లు ఇంకో యాభై దాకా ఉన్నాయి.